బండికి వీపు

బచేలి రైల్వే కాలనీలో పైడయ్య పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేవి అతని చేతులు. ఆ తర్వాత, అతను వదిలేసిన గోల్స్. పైడయ్య కీమేను. రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులను సుత్తితో కొట్టి బిగించడం అతని పని. ఆ చేతుల్లో పడ్డ బంతి జారడమన్నది లేదు. అంతటి గోల్‌కీపరు ఈ చుట్టుపక్కల లేడని ఎదుటి జట్లవాళ్లే ఒప్పుకునేవారు. ఒప్పుకుని, వెంటనే నవ్వేవారు. "బండొచ్చేదాకానే," అనేవారు.

అతనిది బొబ్బిలి పక్క పల్లె. ఇనుప రాయి మోసే రైలు మార్గంలో పనులున్నాయని విని మీసాలు రాని వయసులో బస్తరు వచ్చి పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరాడు. ఆ గ్యాంగుకు పెద్ద, మేటు సింహాచలం. బండి వస్తుంటే పట్టాల మీంచి తప్పుకోమని ఎవరైనా చెబుతారు. తప్పుకున్నాక ఏం చెయ్యాలో సింహాచలం చెప్పాడు.

"ఎల్లే బండికి ఈపు సూపకురా. ఎదురుగా నిల్చో. ఇంజను కాణ్ణుంచి గార్డు పెట్టి దాకా సూడు. ఏటన్నా యేలాడుతోందా, పొగొస్తోందా, కంపు కొడతందా సూసుకో. అంతా బాగుంటేనే గార్డుకి సెయ్యెత్తు. బండి లోపలున్నోడికి బండి కనబడదురా. బయటున్నోడికే కనబడతాది."

పట్టాల మీద పనిచేసే వాళ్లందరికీ ఆ నియమం ఉంది. చాలామంది పనివేళల్లో పాటించి, పని దిగాక మరిచిపోతారు. పైడయ్యకు అది ఒంట్లో ఇంకిపోయింది. కాలనీలో అన్నం తింటున్నా, చక్రాల చప్పుడు వినిపిస్తే కంచం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. ఇన్నేళ్లలో అలా చూసి బండిని ఆపింది ఒక్కసారే. ఒక పెట్టె కింద బ్రేకు కడ్డీ ఊడి నిప్పురవ్వలు లేస్తుంటే ఎర్రగుడ్డ ఊపాడు. గార్డు దిగి, కడ్డీని తీగతో కట్టి, వెళ్లిపోయాడు. అది అలాగే ఈడ్చుకుపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఏమీ కాకపోయి ఉండొచ్చు కూడా.

అతని బావ వరస ఏలియా. చుట్టరికం లేదు, మతమూ ఒకటి కాదు. పక్కపక్క క్వార్టర్లలో ఉండి కలుపుకున్న వరస. ఆటంటే ఏలియాకు పిచ్చి. తొంభైమూడులో లాహోర్‌లో మన చుట్టుపక్కల దేశాల జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీ మొదలైందని, నాలుగు జట్లు ఆడితే మనవాళ్లే గెలిచారని రేడియోలో విన్నాడు. ఆ చలికాలానికల్లా బచేలిలో అలాంటిదే పెట్టాడు. లాహోర్‌లో లాగే నాలుగు జట్లు, అవే నాలుగు పేర్లు. ఇండియా పేరు లోడింగ్ ప్లాంటు వాళ్లకిచ్చారు. బంతి వాళ్లది కాబట్టి ఎవరూ కాదనలేదు. మిగతా మూడూ చీటీలు తీశారు. నేపాల్ చీటీ గనిలో డంపర్లు నడిపేవాళ్లకు వచ్చింది. పాకిస్తాన్ చీటీ వచ్చిన వర్క్‌షాపు వాళ్లు ఏడాదంతా బజార్లో మాటలు పడ్డారు గానీ జట్టు మాత్రం మానుకోలేదు. పైగా ఇత్తడి ముక్కను లేతు యంత్రం మీద తిప్పి కప్పు చేసిపెట్టిందీ వాళ్లే. రైల్వే కాలనీకి శ్రీలంక వచ్చింది.

పెద్ద పోటీ ఎదిగినకొద్దీ బచేలి పోటీ కూడా ఎదిగింది. అక్కడ బంగ్లాదేశ్ చేరిందని తెలిసి ఇక్కడ బజారు కుర్రాళ్లను ఆ పేరుతో చేర్చుకున్నారు. అక్కడ మాల్దీవులు వస్తే ఇక్కడ ఆసుపత్రి వాళ్లు వచ్చారు. మాల్దీవులు ఎక్కడున్నాయో వాళ్లలో సగంమందికి తెలియదు. ఏలియా పెట్టిన ఒక నియమం మాత్రం బచేలిది మాత్రమే. కప్పు గెలిచిన జట్టు మరుసటి ఏడు ఇండియా పేరుతో ఆడుతుంది. ఓడిన ఇండియా వాళ్లు గెలిచినవాళ్ల పాత పేరు తీసుకోవాలి. కప్పు బీరువాలో ఉంటుంది, ఎవరికీ కనబడదు. పేరు మాత్రం ఏడాది పొడుగునా మైకులో, బజార్లో, టీ కొట్టు దగ్గర మోగుతుంది. అందుకే అందరూ పేరు కోసమే ఆడేవారు.

కొలంబోలో అసలు శ్రీలంక ఇండియానే ఓడించి గెలిచిన ఏడు రైల్వే కాలనీకి ఆశ పుట్టింది. "ఆల్లు గెలిసినప్పుడు మనమెందుకు గెలవం?" అని ఏలియా ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. సెమీఫైనల్లో బాగానే ఆడారు. బండి వచ్చింది.

మైదానం ఉన్నది రైలు కట్ట పక్కన. ఒక గోలు కట్టకు రాయి విసిరినంత దూరంలో ఉంది. ఆ గోలు కాసేవాడి వీపు పట్టాల వైపు ఉంటుంది. తక్కిన ఆటగాళ్లు ఓ చూపు అటు తిప్పి మళ్లీ ఆడుకోవచ్చు, గోలు కాసేవాడికి ఆ చూపే కొంప ముంచుతుంది. పైడయ్య ఇంజను నుంచి చివరి గార్డు పెట్టె దాకా చూసి, చెయ్యెత్తి, ఇటు తిరిగేసరికి బంతి వలలో ఉంది. ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట అదే జరిగేది. అవతలి వాళ్లు కాగితం ముక్క అంటించి ఊపుతూ "లంక కాలిపోయింది!" అని గంతులేసేవారు.

లోడింగ్ ప్లాంటు జట్టు కెప్టెన్ బుధ్రాం పక్క పల్లె మనిషి. హల్బీ, హిందీ, గోండీతో పాటు రైల్వే వాళ్లతో తిరిగి తెలుగు కూడా పట్టేశాడు. ఇనుపరాయి బండ్లకు వేళాపాళా ఉండదు, నిండినప్పుడు బయల్దేరతాయి. నింపేది బుధ్రాం వాళ్లే. అందుకని మ్యాచికి ముందు వచ్చి పైడయ్య భుజం మీద చెయ్యేసేవాడు. "దాదా, నీ కోసం ఒక బండి పూరా నింపి వచ్చినా. రెండో హాఫ్‌లో పంపిస్తా, మంచిగా చూసుకో."

రెండువేల సంవత్సరం చలికాలంలో రైల్వే కాలనీ మొదటిసారి ఫైనలు చేరింది. ఎదుట ఇండియా, అంటే బుధ్రాం జట్టు. ఏలియాకు కొత్తవలస బదిలీ కాగితం అప్పటికే చేతికొచ్చింది. పండగ వెళ్లాక సామాను కట్టాలి. ఫైనలు రోజు పొద్దున్నే అతను పైడయ్య ఇంటికి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"బావా, నాను మొదలెట్టిన పోటీ ఇది. నాను ఎల్లిపోతన్నాను. ఒక్కసారి ఆ పేరు మన జట్టుకి పెట్టి ఎల్దామని ఉంది."

"ఆడతాం గదా, బావా."

"ఆడతావు. నాకు తెల్దా? బండొస్తే తిరగనని సెప్పు."

లోపల చారు పోపు పెడుతున్న పైడయ్య భార్య తాతమ్మ అక్కడినుంచే అంది. "ఒక్క పూట నువ్వు సూడకపోతే బండి ఆగిపోద్దేటి?"

"ఆగదు. అదే గదా."

"అదే గదా అంటే ఏటో, ఈ మనిషి మాట ఆ పైడితల్లికే తెలవాల," అని ఆవిడ గరిటె చప్పుడు పెంచింది.

ఏలియా లేచాడు. గడప దిగాక పైడయ్య అతన్ని వెనక్కి పిలిచాడు. "తిరగను. పైడితల్లి మీద ఒట్టు," అన్నాడు.

మొదటి సగంలో ఏలియా ఒక గోలు కొట్టాడు. నడివయసు మనిషి, రొప్పుతూ కొట్టిన గోలు. రెండో సగానికి వైపులు మారాయి. పైడయ్య కట్టవైపు గోల్లోకి వచ్చాడు. సాయంత్రపు ఎండ కళ్లల్లో పడుతోంది. ఆట దాదాపు చివరికొచ్చింది. ఇక రాదేమో అనుకుంటుండగా కూత వినబడింది.

మైదానం చుట్టూ నవ్వు లేచింది. "పైడయ్య దాదా, గాడీ ఆ గయీ!" అని అరిచి బుధ్రాం బంతితో పరుగెత్తుకొచ్చాడు.

ఇంజన్లు దాటాయి. నేల అదిరింది. పైడయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. ఎవరో గడ్డం పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టుంది. తిరగలేదు. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పట్టాల అతుకు దాటుతున్నాయి. ఆ అతుకు అతను బిగించిందే, దాని దరువు అతనికి కొట్టినపిండి. ఉన్నట్టుండి ఒకచోట దరువు తప్పింది. రెండు దెబ్బల మధ్య ఇంకో దెబ్బ, పొడిగా, దగ్గినట్టు. మళ్లీ ఒకసారి. మళ్లీ. అది కుడివైపుకు జరుగుతూ పోయింది.

బుధ్రాం కొట్టాడు. పైడయ్య ఎడమకు దూకాడు. బంతి చేతుల్లో పడింది. దాన్ని కడుపులోకి లాక్కుని ఎర్రదుమ్ములో బోర్లా పడుకున్నాడు. చప్పట్లు, ఈలలు, ఎవరో తన పేరు పెట్టి అరవడం, అన్నిటి మధ్యా గార్డు వేసిన ఈల సన్నగా చెవిన పడింది. గార్డు పచ్చజెండా పట్టుకుని కట్ట పక్కనున్న మనిషి చెయ్యెత్తుతాడేమోనని చూస్తూ ఉంటాడు. ఎవరూ ఎత్తలేదు.

ఆట ముగిసింది. ఏలియాను భుజాల మీదికెత్తుకున్నారు. డప్పులు మొదలయ్యాయి. బుధ్రాం నడుం మీద చేతులు పెట్టుకుని "ఇప్పుడు లంక నాదా? అరే రామ్, ఎన్ని కాగితాలు కాల్చినా నేను!" అని తనే అందరికంటే ముందు నవ్వాడు. పైడయ్య కోసం చూస్తే గోల్లో లేడు.

అతను బనీనుతోనే స్టేషనుకు నడిచాడు. అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ సత్యమూర్తి తలెత్తి, ఒళ్లంతా ఎర్రమన్నుతో నిలబడ్డ మనిషిని చూశాడు.

"గెలిచారటగా! అరుపులు ఇక్కడిదాకా వచ్చాయి."

"గెలిసాం సార్. ఇందాకటి బండి భాన్సీ దాటిందా?"

"ఇంకా లేదు. ఏం, ఏమన్నా చూశావా?"

"ఏటీ సూడనేదు సార్."

"మరి?"

"అదే సార్. సూడనేదు."

సత్యమూర్తి కలం కింద పెట్టాడు. పైడయ్య గొంతు సవరించుకుని చెప్పాడు. "మద్దెలో ఒక పెట్టి కాడ సప్పుడు తేడాగా ఉంది. ఏటని అడిగితే సెప్పనేను. బండికి ఈపు పెట్టుకుని ఉన్నాను సార్."

సత్యమూర్తి ఇంకేమీ అడగకుండా ఫోన్ ఎత్తాడు. బండిని తర్వాతి స్టేషను భాన్సీలో ఆపి చూడమన్నాడు. పైడయ్య గోడవార నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కిటికీలోంచి డప్పుల మోత వస్తోంది. తన పేరు కూడా అందులో ఒకటి రెండుసార్లు వినిపించింది. అటు చూడలేదు.

చాలాసేపటికి ఫోను మోగింది. సత్యమూర్తి వింటూ నవ్వాడు. "ఒక చక్రం కొంచెం అరిగిందట. భయంలేదు, నడిపించొచ్చట. బండి పంపేశారు. ఎవడయ్యా ఆ పాముచెవులవాడు, పెట్టెలన్నిటి పక్కనా నడిపించాడు నన్ను అని గార్డు తిడుతున్నాడు. ఇక వెళ్లు, నీ కోసం చూస్తుంటారు."

పైడయ్యకు గుండెల మీంచి బరువు దిగింది. అయినా వెంటనే కదలలేకపోయాడు. చక్రం బాగుండటం తన గొప్ప కాదు. ఆ దెబ్బ బ్రేకు కడ్డీది అయ్యుంటే, అప్పుడూ తను బంతినే పట్టుకుని ఉండేవాడు. ఒకే పూట రెండుసార్లు గెలిచానని, అందులో ఒకటి తన చేతుల్లో లేనిదని అతనికి అనిపించింది. సత్యమూర్తికి దండం పెట్టి బయటికొచ్చాడు.

ఏలియా స్టేషను మెట్ల దగ్గరే ఎదురుపడ్డాడు. చేతిలో ఇత్తడి కప్పు. అందరినీ వదిలిపెట్టి ఒక్కడే వచ్చాడు. పైడయ్య ఎక్కడికొచ్చాడో, ఎందుకొచ్చాడో అడగలేదు. అతనూ రైల్వే మనిషే.

"బానే ఉందా బండి?" అన్నాడు.

"బానే ఉంది."

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఏలియా కప్పును ఇద్దరి మధ్యా పెట్టాడు. "నానే ఒట్టు పెట్టించాను. తప్పు నాది, బావా."

"నీది కాదు. నాకూ ఆ పేరు కావాలనిపించింది." పైడయ్య కప్పు అంచు మీద దుమ్ము తుడిచాడు. "వొచ్చే ఏడు గోల్లో మన గ్యాంగు లచ్చుని పెట్టమని సెప్పి ఎల్లు. ఆడికీ సేతులు పెద్దవే."

"లచ్చు నీకు సాటొస్తాడా? ఇండియా పేరు ఒక్క ఏడుకే పోతాది."

"పోతే పోనీ."

ఏలియా కప్పు చేతిలోకి తీసుకుని, "సరే," అన్నాడు.

మరుసటి చలికాలం మైకులో "ఇండియా" అని పిలిస్తే రైల్వే కాలనీ జట్టు మైదానంలోకి వచ్చింది. ఆడవాళ్లు ఈలలు కూడా వేశారు. గోల్లో లచ్చు, కిందటేడే గ్యాంగులో చేరిన దోర్ల తెగ కుర్రవాడు, బెదురుగా చేతులు రుద్దుకుంటున్నాడు. రెండో సగంలో అతను కట్టవైపు గోల్లోకి వచ్చేసరికి, గోలుకూ పట్టాలకూ మధ్యనున్న గడ్డిలో పైడయ్య నిలబడి ఉన్నాడు.

కూత వినబడింది. అవతలి జట్టు బంతి తీసుకుని ముందుకు ఉరికింది. లచ్చు మెడ ఒక్క క్షణం వెనక్కి తిరగబోయి ఆగింది. వెనక పైడయ్య ఉన్నాడు.

పైడయ్య ఆటకు వీపు పెట్టి ఇంజను వైపు తిరిగాడు. పెట్టెలు దాటుతున్నాయి. చక్రాలు, కడ్డీలు, గొలుసులు, ఒకటొకటే చూస్తున్నాడు. వెనక పెద్ద కేక లేచింది. అది గోలు పడ్డ కేకో, ఆపిన కేకో తెలియలేదు. గార్డు పెట్టె దగ్గరికొచ్చింది. పచ్చజెండా కనబడింది. పైడయ్య చెయ్యి పైకెత్తాడు. గార్డు కూడా ఎత్తాడు. పెట్టె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు మైదానం వైపు తిరిగాడు.