సిస్టర్ల కాలేజీలో ఆదివారాలు

నిజాం రాజ్యం పోయిన కొన్నేళ్లకు నాయిన నన్ను కర్దనూర్ నుంచి పటాన్‌చెరు దాకా నడిపించి, అక్కడ బస్సెక్కించి, పట్నంలో సిస్టర్ల కాలేజీ హాస్టల్లో దింపాడు. మా ఊరి నుంచి కాలేజీ మెట్టెక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. సంగారెడ్డిలో ఉర్దూలో చదివాను. ఇక్కడ పాఠాలు, ప్రార్థన, చివరికి అన్నం దగ్గర మాటలు కూడా ఇంగ్లీషే. గంట మోగితే లేవాలి, గంట మోగితే పడుకోవాలి. సిస్టర్లు మా మతం అడగలేదు. గోళ్లు మాత్రం చూసేవారు.

ఆదివారం మధ్యాహ్నం తోటి పిల్లల కోసం ఇళ్ల నుంచి మనుషులు వచ్చేవారు. నేను పుస్తకం ముందేసుకుని మేడ మీద కూర్చునేదాన్ని.

ఒక సోమవారం పొద్దున కాపలా తాత గుడ్డమూట తెచ్చి ఇచ్చాడు.

"నిన్న మీ నాయిన వచ్చిండమ్మా. గేటు బయట చెప్పులిడిచి కూసున్నడు. లోపలికి పో అంటే, 'దొరసానులుంటరు, నేనెట్ల పోవాలె?' అన్నడు. నిన్ను పిలుస్తనంటే, సదువుకుంటున్నదేమో వద్దన్నడు. బస్సు టైమైందని ఇది ఇచ్చి పోయిండు."

మూటలో జొన్న పేలాలు. ప్రార్థనా మందిరం వెనక వరండాలో కూర్చుని ఏడ్చాను. మాకు చరిత్ర చెప్పే ముసలి సిస్టర్ చూసి పక్కన కూర్చుంది. సంగతంతా విని, వచ్చీరాని ఉర్దూలో తన కథ చెప్పింది. ఇరవై ఏళ్లప్పుడు తన దేశం విడిచి ఓడెక్కిందట. ఇక్కడ మొదట నలుగురు సిస్టర్లు, కిరాయి బంగ్లాలో రెండు గదులు. బెంచీల్లేక చాపల మీదే చదువు. అదే పెరిగి ఈ కాలేజీ అయింది. వాళ్ల నియమం ప్రకారం మళ్లీ ఇంటికి వెళ్లకూడదు. తల్లి పోయిన రెండు నెలలకు గానీ ఆ సంగతి చెప్పే ఉత్తరం రాలేదట.

"అప్పుడేం చేశారు సిస్టర్?"

"క్లాసు ఉంది. వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు."

నాయిన మళ్లీ వస్తే తనకు కబురు చేయమని ఆ రోజే ఆమె కాపలా తాతకు చెప్పి పెట్టింది. మరుసటి నెల నాయిన రాగానే తనే గేటు దాకా వెళ్లి లోపలికి తీసుకొచ్చింది. నాయిన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె వెళ్లాక మెల్లగా అడిగాడు.

"బిడ్డా, ఈమెను సూడనీకి ఎవరొస్తరు?"

"ఎవ్వరు రారు నాయినా."

"గట్లనా... మరి పండుగకు మనింటికి రమ్మను."

ఆ మాట చెబితే సిస్టర్ నవ్వింది. తర్వాత కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. పండుగకు మాత్రం రాలేదు.

బి.ఏ. అయ్యాక సంగారెడ్డిలో ఆడపిల్లల బడికి పంతులమ్మనయ్యాను. సెలవుల్లో ఆమెను చూడబోతే, ఎక్కడో దూరపు మఠానికి పంపారన్నారు. ఆమెకు అందజేయమని కాలేజీకే రెండు ఉత్తరాలు రాశాను. రెండోది ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా. జవాబు రాలేదు.