పచ్చడి వెనక యంత్రమనిషి

ఎనభైల్లో నేను అమీర్‌పేటలో ఒక మేడమీద గదిలో కూర్చుని సైన్సు నవలలు రాసేవాణ్ణి. రాయడమంటే మామూలు రాయడం కాదు. ఒక వారపత్రికలో చంద్రుణ్ణి పేల్చేసి, అదే వారం ఇంకో పత్రికలో వాణ్ణి అతికించేవాణ్ణి. నా దెబ్బకి అమీర్‌పేటలో సిరాబుడ్లు దొరక్క స్కూలు పిల్లలు పరీక్షలు పెన్సిలుతో రాశారని ఒక ప్రతీతి. దాన్ని పుట్టించింది నేనే.

పత్రికలో నా ఫొటో వెనక పెద్ద యంత్రం కనబడేది. అది పంజగుట్టలో మా మిత్రుడి రేడియో రిపేరు షాపు. పాఠకులు మాత్రం మా ఇంట్లో ప్రయోగశాల ఉందని నమ్మారు. ఇంటర్‌లో ఫిజిక్సు రెండుసార్లు తప్పిన సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. దేవుణ్ణీ దెయ్యాన్నీ ముహూర్తాన్నీ నమ్మనని సభల్లో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. కొత్త సీరియల్ మంగళవారం మొదలుపెట్టకపోవడం వేరే విషయం. మంగళవారం మా వీధిలో కరెంటు పోయేది.

అంత వైభవంలోనూ నాకొక లోటుండేది. అచ్చయినదంతా పత్రికల్లోనే. అట్ట ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు. అప్పుడు విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్త వచ్చి, నా యంత్రమనిషి సీరియల్‌ని పుస్తకంగా వేస్తానన్నాడు.

"ఏంటి గురువుగారూ, మీ దగ్గర కాపీ లేదా? సోమవారానికి మొత్తం చేతికిస్తే మీది వేస్తాను. లేదంటే ఇంకొకరిది రెడీగా ఉందండీ."

గొప్పవాళ్లు కాపీలు దాచుకోరని నా అభిప్రాయం. రాసింది రాసినట్టు పోస్టులో పడేసేవాణ్ణి. పంజగుట్టలో అద్దె పుస్తకాల షాపు భాయ్ పాత పత్రికల గుట్టలోకి దిగి అన్ని వారాలూ తీసిచ్చాడు, చివరి వారం తప్ప.

"ఆఖరిది ఎవరో చింపుకొని పోయిండ్రు సాబ్. ఫికర్ చేయకుండ్రి. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌ల ఒక అక్క ఉన్నది. మీ సీరియల్ పేజీలన్నీ కోసి పుస్తకం కుట్టుకుంటది."

ఆ మాటకి నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఎర్రమంజిల్ వెళ్లే దారిలో ఎదురొచ్చిన డబుల్ డెక్కర్ బస్సు కాస్త పక్కకి జరిగింది.

ఆ అక్క ఒక ప్రభుత్వ గుమస్తా భార్య. దబ్బనంతో కుట్టి అట్ట వేసిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. తెరిచాను. గుత్తి వంకాయ. తిప్పాను. చామదుంపల పులుసు. ఆ కాగితాల వెనకవైపు నా యంత్రమనిషి, ఒకచోట తల లేకుండా, ఒకచోట కాళ్లు లేకుండా.

"ఇదేమిటమ్మా?"

"వంటలు సార్. మస్తుంటయ్. గా వెనక రాసేది మీరేనా?"

నా చివరి వారం టమాటా నిల్వ పచ్చడి వెనక పడింది. పచ్చడి ఒక్క కాలమ్‌లో అయిపోయింది గనక మిగతా కాగితం ఆమె కత్తిరించి పారేసింది. యంత్రమనిషి తన గ్రహానికి వెళ్లిపోవాలా, భూమ్మీదే ఉండిపోవాలా అని గడప దగ్గర నిలబడతాడు. అక్కడ కత్తెర పడింది. తర్వాత ఏం రాశానో నాకే గుర్తు లేదు. అప్పటికి ఇంకో నాలుగు గ్రహాలు పేల్చి ఉన్నాను. నా మొదటి పుస్తకం టమాటాల పాలైంది.

పక్కనే చింతపండులో గింజలు తీస్తున్న ఆమె అత్తగారు తలెత్తింది.

"మొకం గట్ల ఏలాడేసినవ్ ఏంది బిడ్డా? నాకు సదువు రాదు. కోసే ముందు కోడలు నాకు సదివి ఇనిపిస్తది. అంత యాదికున్నది. రాసుకో."

కోడలు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను రాసుకున్నాను.

"గాడు పోతా అంటడు. ఇంటామె 'జర ఆగు, తిని పో' అంటది. 'నాకు నోరు లేదమ్మా' అంటడు. 'లేకుంటే ఏమాయె, మేం తినేదాంక కూసో' అంటది. కూసుంటడు. పిల్లగాండ్లు తింటుంటే సూస్తడు. ఇగ పోడు."

"ఇది నేనే రాశానా అమ్మా?"

"నువ్వు రాయకుంటే నాకెట్ల ఎరుక?"

సోమవారం కథ చేతులు మారింది, పుస్తకం వచ్చింది. ఉత్తరాల బరువుకి పోస్ట్‌మాన్ సైకిలు టైరు రెండుసార్లు పేలింది. అన్నీ ఆఖరి అధ్యాయం గురించే. పుస్తకం పట్టుకుని మళ్లీ ఎర్రమంజిల్ వెళ్లాను. కోడలు ఆ అధ్యాయం పైకి చదువుతూ ఆగిపోయింది.

"సార్, అప్పుడు గిది లేకుండె గదా? గాలిల ఆక్సిజన్ ఎంత, బ్యాటరీ ఎంత అని అన్నీ లెక్కలుండె. గాడు లెక్క జేసుకొని ఎల్లిపోయిండు."

నేను అత్తగారి వంక చూశాను. ఆమె జంకలేదు.

"లెక్కలకాడ నాకు కన్నంటింది. లేచేసరికి గాడు కూసోనే ఉన్నడు. నేనేం జెయ్యాలె?"

నా రచనలు చదువుతూ నిద్రపోయినవాళ్లు చాలామందే ఉన్నారు, దాచను. నిద్రలో సైతం నా యంత్రమనిషిని గడప దాటనివ్వని పాఠకురాలు మాత్రం, నాకు తెలిసి, ఈ సౌరకుటుంబంలో నాకొక్కడికే ఉంది.

"ఈసారి అట్ట మీద మీ పేరు కూడా వేయిస్తానమ్మా" అన్నాను.

"ఏసి ఏం జేస్తవ్, నేను సదువుతనా? జర ఆగు, తిని పో."

నాకు నోరుంది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. టమాటా పచ్చడి అమోఘం. నా ఆఖరి అధ్యాయం వెనకాల ఉన్నదే.