కాగజ్‌నగర్ దాకా మోసిన యాంప్లిఫయర్

జులై 9, బుధవారం, ఉదయం 5.50కి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సెక్కాను. ఆధార్ చూపితే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. చేతిలో గొడుగు, సంచిలో రెండు చపాతీలు, మంచినీళ్లు, సిగ్నల్ లెవెళ్లు రాసే పుస్తకం, పాత చీరలో చుట్టిన నాలుగు కిలోల యాంప్లిఫయర్.

మా కాలనీకి కేబుల్ కనెక్షన్లు ఇచ్చేది మేమే. మా ఆయన పోయాక పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నాను. తీగలో దూరం పోయేకొద్దీ నీరసించే సిగ్నల్‌కు బలమిచ్చి ముందుకు పంపేది ఈ పెట్టె. శుక్రవారం నుంచి దీని అవతలి నలభై మూడిళ్లలో బొమ్మ ముక్కలై ఆగిపోతోంది. దీని నుంచి బయటికి పోయే సిగ్నల్‌ను ప్రతి నెలా ఒకటో తారీఖున కొలిపించి పుస్తకంలో రాస్తాను. ముప్పై నాలుగు ఉండేది, సోమవారం కొలిపిస్తే ఇరవై రెండుకు పడింది.

"ముందుగాల కనెక్టర్లు చూద్దామా అమ్మా?" అన్నాడు లైన్‌మన్ రాజయ్య. తప్పు పెట్టెదేనని పుస్తకం తెరిచి అంకె చూపించాను. మంగళవారం సాయంత్రం స్తంభం మీది నుంచి పెట్టె విప్పించాను. బదులు పెట్టడానికి మరొకటి లేదు. నలభై మూడిళ్లలో వచ్చే కాస్త బొమ్మా పోయింది.

ఆడబిడ్డ సుశీల గేటు దగ్గరే నిలదీసింది. "వదినె, రేపు పొద్దూకే దాంక చూస్త. రాకుంటే డిష్ పెట్టిస్త. తర్వాత నన్ననొద్దు." మా ఆయన మొట్టమొదటి కనెక్షన్ ఇచ్చింది ఆమె ఇంటికే.

మంచిర్యాల 8.20కి చేరాం. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను, చట్నీ పుల్లగా ఉంది. 9.15కి రైలు, కాగజ్‌నగర్‌కు టికెట్ నలభై ఐదు రూపాయలు. ఎదుటి సీట్లో మందమర్రికి పోతున్న రిటైరైన గని కార్మికుడు నా సంచినే చూస్తున్నాడు.

"ఏందవ్వా గది, కుక్కరా?"

"కేబుల్ టీవీది. చెడిపోయింది."

"కుక్కరైతే మంచిగుంటుండె. విజిలన్న ఏస్తుండె," అని దిగిపోయాడు.

10.55కి కాగజ్‌నగర్. ఇలాంటి పెట్టెలు ఇప్పటికీ బాగుచేసే ఖాజా దుకాణం స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ఖాజా పెట్టెకు కరెంటిచ్చి, తన తీగ తగిలించి, టీవీ పెట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మీటరు ముప్పై నాలుగు చూపింది.

"మెషిన్ సాఫ్ ఉంది అమ్మా."

నమ్మలేక పుస్తకం చేతికిచ్చాను. నాలుగు పేజీలు తిప్పాడు.

"బయటికి పోయేది మస్తు రాసిండ్రు. లోపటికి వచ్చేదేది?"

లేదు. పదకొండేళ్లలో ఒక్కసారీ కొలిపించలేదు.

"వచ్చేది తక్కువైతే పోయేది గూడ తక్కువే కదా. ఫికర్ చెయ్యకుండ్రి, చాయ్ తాగుండ్రి."

చాయ్ తాగాను. అక్కడి నుంచే రాజయ్యకు ఫోన్ చేసి, స్తంభం దగ్గరికి తీగ వచ్చే వైపు కనెక్టర్ కోసి చూడమన్నాను. 1.10కి తిరుగు రైలు. మందమర్రి దగ్గర బొగ్గు వ్యాగన్ల పక్కన బండి ఆగినప్పుడు అతని ఫోన్ వచ్చింది.

"వాన నీళ్లు దిగినయమ్మా. లోపట రాగి తీగె పచ్చగ చిలుము వట్టింది. కొత్త కనెక్టర్ ఏసిన."

"నువ్వు ముందే చూద్దామన్నావు."

"అన్న. మీరు బుక్కు చూపెట్టిండ్రు."

మంచిర్యాలలో బస్సు 3.30కి. పెద్దపల్లి దాటాక టైరు దిగి నలభై నిమిషాలు ఆగింది. ఇంటికొచ్చేసరికి 6.40. రాజయ్య నిచ్చెన వేసుకునే ఉన్నాడు. 7.05కి పెట్టె బిగించాడు. లోపలికి పదిహేడు, బయటికి ముప్పై నాలుగు. రెండూ రాశాను. ఇంటింటా టీవీలు మోగాయి.

సుశీల డాబా మీద ఒకతను కొత్త డిష్‌కు చివరి బోల్టు బిగిస్తున్నాడు.

"జరసేపు ఆగుదామనుకున్న వదినె," అంది సుశీల, నా మొహం చూడకుండా. "సీరియల్ టైమైతుందని పిల్చిన."

కాగజ్‌నగర్‌కు ఒక్క పగట్లో పోయి రావచ్చు, ప్రయాణం కష్టమేమీ కాదు. ఖాజా మంచి పనివాడు. నా సంచిలోని సామానుకే ఆ ప్రయాణం అక్కర్లేదు.

పోయినవి: నలభై మూడిళ్లలో ఒక రాత్రి, ఒక పగలు బొమ్మ, రైల్లో మరిచిన గొడుగు, డిష్‌కు మారిన తొమ్మిది కనెక్షన్లు. అందులో ఒకటో నంబరు కూడా ఉంది.