పిన్ని రాయని అంకె

మా పిన్ని పందొమ్మిదేళ్లుగా పశువుల ఆసుపత్రిలో కంపౌండరు. కుక్కలకు బీపీ చూడటంలో ఆమెది అందెవేసిన చెయ్యి. ముందుకాలికి పట్టీ చుట్టేముందు పది నిమిషాలు నేల మీద కూర్చుని కుక్కతో ఊసులాడేది. మొదటి అంకెను పక్కన పెట్టేసి, ఆ తరువాత అయిదుసార్లు చూసి సగటు రాసేది. "కొత్తచోటికి వెళితే మనకే గుండె దడదడలాడుతుంది. నోరులేనిది, దానికెంతుండాలి?" అనేది.

రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన తన ముసలి కుక్కను తెచ్చేవాడు. టిక్కెట్టు లేకుండా ఇంట్లోకి ఎక్కేసిందని దానికి 'పాస్' అని పేరు పెట్టాడు. దాని కిడ్నీలు సగానికి పైగా చెడిపోయాయి. బీపీ పెరిగితే మిగిలిన కాస్తా పోతాయని, కళ్లకూ ముప్పేనని డాక్టరుగారు నెలనెలా చూపించమన్నారు.

"నాదీ చూడమ్మా, వీడికంటే నాకే ఎక్కువుంటుంది."

"మీ చేతికి ఈ పట్టీ చాలదు బాబాయిగారూ. అయినా మిమ్మల్ని చూస్తే మీటరే బెదురుతుంది."

ఆ మధ్యాహ్నం టీకాల కోసం వచ్చిన కుక్కపిల్లలు వరండా అంతా గోలగోల చేస్తున్నాయి. పాస్ వణుకుతోంది. మొదటిసారి నూట తొంభై రెండు. రెండోసారి నూట తొంభై. పిన్ని పట్టీ విప్పేసింది. గొడవ సద్దుమణిగాక మళ్లీ చూడాల్సింది. ఎందుకంత తొందరపడ్డావని తరువాతెప్పుడో అడిగాను. "తొందరేం కాదే, పొగరు. పాస్ సంగతి నాకు తెలియకపోవడమేమిటనుకున్నాను," అంది, ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతూ.

"బెదిరింది డాక్టరుగారూ. వచ్చేనెల చూద్దాం," అని చెప్పిందట. అన్నేళ్లుగా నమ్మిన మనిషి మాట కదా, ఆయన తలెత్తకుండానే సరేనన్నారు. కార్డులో అంకె వెయ్యాల్సిన గడిలో పిన్ని 'భయం' అని రాసింది.

తొమ్మిదోరోజున పాస్ ఆసుపత్రి గుమ్మానికి తల కొట్టుకుంటూ లోపలికొచ్చింది. బీపీ రెండు వందల పది. డాక్టరుగారు లైటు వేసి చూశారు. రెండు కళ్లలోనూ చూపునిచ్చే వెనకపొర ఊడిపోయింది.

"పోయినసారి ఎంతుంది?" అన్నారు కార్డు తిప్పుతూ.

పిన్ని బదులు కండక్టరే అందుకున్నాడు. "అప్పుడు భయపడిందండీ. అమ్మాయి తప్పేం లేదు."

"భయం కాదు బాబాయిగారూ. నూట తొంభై ఉంది. నేనే వదిలేశాను."

కండక్టరు వంగి పాస్ చెవులు నిమిరాడు. "చెప్పావు. మంచిదేలే," అన్నాడు.

మాత్రలతో బీపీ దిగింది. కిడ్నీలు మరో ఏడు నెలలు లాక్కొచ్చాయి. చూపు మాత్రం తిరిగి రాలేదు. ఆయన వేరే ఆసుపత్రికి పోలేదు, పిన్నిని ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదంటుంది పిన్ని. నెలనెలా వచ్చి, పాస్‌ను బల్ల మీద కూర్చోబెట్టి, అయిదుసార్లూ కళ్లజోడు సర్దుకుని, మీటరు మీదికి వంగి, అంకె తనే చూసుకునేవాడు.