గుట్ట దిగి వచ్చిన పాఠం

నా గొంతు పెద్దది. మార్కాపురంలో మేముండే వీధిలో నేను పాలాయనతో మాట్లాడితే ఎదురింటివాళ్ళు తలుపు తీసి ఏం గొడవా అని చూస్తారు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలను కూర్చోబెట్టుకుని చెప్పినదాన్ని, గొంతు చిన్నగా ఎట్లా ఉంటుంది? నోరు కూడా కాస్త దురుసే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మా ఆయన రోజుకొకసారి నా చెవిన వేస్తుంటాడు. బళ్ళో తిట్టు లేకుండా నేను ఒక్క లెక్క చెప్పిన గుర్తు లేదు. మట్టిబుర్రా, నిద్రమొహమా, నీ చెవులు సంతలో అమ్ముకున్నావా, ఇవన్నీ మా పిల్లలకు అలవాటైన మాటలే. తిట్టని రోజున, మేడంకు ఒంట్లో బాగాలేదేమోనని గుసగుసలాడుకునేవాళ్ళు.

అట్లాంటిదాన్ని కరోనా వచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది. బడులు మూసేశారు. పిల్లలకు ఫోన్లోనే పాఠాలు చెప్పమన్నారు. పలకలు తయారయ్యే ఊరు మార్కాపురం, వాటికేం కరువు? పెద్ద పలక ఒకటి బియ్యం డబ్బాకు ఆనించి, డిగ్రీ చదివే మా అమ్మాయి చేతికి ఫోనిచ్చి, మొదటి వీడియో మొదలుపెట్టాను. అర, పావు, ముప్పావు చెప్పి "అర్థమైందా?" అని అలవాటుగా ఆగాను. ఎవరు పలుకుతారు? ఎదురుగా గోడ, గోడకు క్యాలెండరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనిపించింది.

"పలకనోళ్ళకు పాఠమేందే?" అన్నాను మా అమ్మాయితో.

"పలుకుతారులే అమ్మా. కింద బొటనవేలు బొమ్మ పెడతారు" అంది.

పెట్టారు కూడా. ఒకడి బొటనవేలు నేను వీడియో పంపిన మరుక్షణమే వచ్చింది. చూడకుండానే అర్థమైపోయిందన్నమాట ఆ మహానుభావుడికి. మట్టిబుర్రా అని పైకే అన్నాను. వినపడే దూరంలో మా ఆయన ఒక్కడే ఉన్నాడు, ఆయన తలెత్తి చూశాడు.

మా బడి ఉన్న ఊరు బేస్తవారిపేట దాటి లోపలికి పోవాలి. ఆ రోజుల్లో బస్సులు లేవు. బయటివాళ్ళు రాకుండా ఊరి మొదట్లో ముళ్ళకంప కొట్టారు. టీచరైనా సరే, కంప అవతలే. పెద్ద ఫోన్లున్న ఇళ్ళకు వీడియోలు పంపేదాన్ని, చిన్న ఫోన్లున్న ఇళ్ళకు రోజూ పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిల్లలతో మాట్లాడేదాన్ని. అందనిది ఒక్క పిల్ల.

ఊరికి ఎడంగా, గుట్ట కింద పల్లంలో కొన్ని కొట్టాలున్నాయి. గొర్రెలు మేపుకునే కుటుంబాలవి. ఆ పల్లంలో ఏ ఫోనూ పలకదు. అక్కడి నుంచి మా బడికి వచ్చేది ఆ పిల్ల ఒక్కతే, అయిదో తరగతి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే రకం. సగంసార్లు తప్పు చెప్పేది, అయినా ఎత్తిన చెయ్యి దించేది కాదు. నాకు ఆ పిల్లంటే చాలా ఇష్టం. అందరికంటే ఎక్కువ తిట్లు తినేది కూడా ఆ పిల్లే.

వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క చిన్న ఫోను వాళ్ళ నాయన జేబులో గుట్ట ఎక్కి, పొద్దుగూకినాక ఆయనతోపాటే దిగేది. గుట్ట మీద మాత్రం సిగ్నల్ బ్రహ్మాండం. మొదటిసారి చేసినప్పుడు ఫోన్లో ముందు గొర్రెల అరుపులు వినపడ్డాయి, తర్వాత ఆయన గొంతు.

"పిల్ల ఇంటికాడ ఉంది మేడం. నేను గుట్ట మీద ఉండా."

"అయితే ఆ ఫోను ఇంటికాడ పెట్టిపోప్పా."

"ఇంటికాడ అది పలకదు గదా మేడం. పైగా ఈడ తోడేలు వస్తే పక్కమందోళ్ళను ఎట్ల పిలిచేది?"

నాకొక ఉపాయం తట్టింది. తట్టగానే నా తెలివికి నేనే మురిసిపోయాను. "అట్లయితే పిల్లనే నీ యెంబడి తీసుకురా. గుట్ట మీదనే పాఠం వింటాది" అన్నాను. ఆయన గొంతులో సంతోషం స్పష్టంగా తెలిసింది. తోడు మేపే బావమరిది కాలు విరిగి మంచంలో ఉన్నాడట. అంత మందను ఒక్కడే తిప్పుకోలేక సతమతమవుతున్నాడు. "మంచిమాట చెప్పినారు మేడం, రేపే తీసకొస్తా" అన్నాడు.

మరునాడు పొద్దున కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ పిల్ల తల్లి. కొట్టాల నుంచి రోడ్డు దాకా నడిచొచ్చి, ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేస్తోంది. ఆయాసం ఇంకా తగ్గలేదు.

"మేడం, పిల్లను గొర్లెంబడి రమ్మన్నారంట."

"పాఠం కోసమేనమ్మా. బడి తెరిచిందాకనే."

ఆమె మెల్లిగా చెప్పింది. "నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన ఒక్క వారం మందెంబడి రమ్మన్నాడు మేడం. ఆ వారం ఇంకా అయిపోలా."

నా ఉపాయం ఎంత దూరం పోయేదో అప్పుడు అర్థమై భయం వేసింది. అమ్మా, పిల్లను పంపొద్దు, తప్పుమాట చెప్పినాను అన్నాను.

కానీ వాళ్ళింట్లో ఆ మాట అప్పటికే మొదలైపోయింది. బడే లేనప్పుడు పిల్ల ఇంట్లో కూర్చుని ఏం చేస్తాదని ఆయన పట్టు. చివరికి ఆమె మొగుడితో ఒక ఒప్పందానికి వచ్చింది. గుట్ట మీద మేడం చెప్పే పాఠం ఆయన విని, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లకు చెప్పాలి. పాఠం వస్తున్నంతకాలం అది బడిపిల్లే. పాఠం రాని మరునాటి నుంచి మందెంబడి పంపిస్తుంది. ఈ సంగతి ఆయనే నాకు చెప్పాడు, చెప్పి నిట్టూర్చాడు కూడా. మనిషి తోడు కావాల్సింది ఆయనకే. ఆ తోడును రానివ్వకుండా ఆపే పాఠాన్ని మోయాల్సిందీ ఆయనే. మోసుకుపోవడం మరిచిపోతే అడిగేవాళ్ళు లేరు. ఎన్నాళ్ళు మోస్తాడో చూద్దామనుకున్నాను.

చదువు రాని మనిషి. రాసుకోలేడు కాబట్టి చెప్పాల్సిన ప్రతి ముక్కకూ ఒక గులకరాయి ఏరి జేబులో వేసుకునేవాడు. "మూడు ముక్కలే చెప్పండి మేడం, అంతకుమించి మొయ్యలేను" అనేవాడు. నేను ఒక మాట చెబితే తను తిరిగి అనేవాడు. మధ్యలో గొర్రెలను అదిలించేవాడు. అదిలింపుకు ముందు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే సరిగ్గా మళ్ళీ అందుకునేవాడు. మరునాడు పిల్ల చెప్పిన జవాబులు నాకు వచ్చేవి. తప్పు జవాబైతే నాకు మండేది.

"చెవులు మెలేస్తానని చెప్పప్పా నీ బిడ్డకు. మట్టిబుర్ర అన్నానని చెప్పు."

"తిట్లు గూడ చెప్పాలనా మేడం?"

"చెప్పాల్సిందే. తిట్లు లేకుంటే అది నా పాఠమని ఎట్ల తెలుస్తాది?"

"సరే మేడం" అని, దానికొక గులకరాయి వేసుకున్నాడు.

వానలు పడ్డాయి. గుట్ట పచ్చబడిందని ఆయనే చెప్పాడు. బావమరిది కాలు మాత్రం ఇంకా కుదురుకోలేదు. ఎప్పటి నుంచో నేను గమనించలేదు గానీ, మేడం కాస్తా అక్క అయింది. "అక్కా, నిన్నటి ముప్పావు లెక్క పిల్లకు వచ్చిందిగానీ నాకు రాలా" అన్నాడొకరోజు. మూడు పావులు కలిపితే ముప్పావని మళ్ళీ చెప్పాను. రొట్టె తుంచి చూసుకుంటానన్నాడు. కుదురుగా వినే పెద్దమనిషికి పాఠం చెప్పడంలో ఒక సుఖం ఉందని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. గోడకూ క్యాలెండరుకూ చెప్పే వీడియోల కంటే ఆ ఫోను కోసమే పొద్దున ఎదురుచూసేదాన్ని.

ఆ తర్వాత ఒకరోజు ఫోను కలవలేదు. మరునాడూ కలవలేదు. అందుబాటులో లేదని అదే గొంతు, అదే మాట. మూడో రోజుకు నాకు అన్నం సయించలేదు. పాఠం ఆగిపోయింది, ఒప్పందం ప్రకారం పిల్ల ఈపాటికి కర్ర పట్టుకుని గొర్రెల వెనకాల నడుస్తూ ఉంటుంది, ఇక దానికి వారాలే వారాలు అనుకున్నాను. తల్లి చేసిన నంబరుకు చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి, ఆమె ఎవరో తనకు తెలియదన్నాడు. "నువ్వు చెయ్యగలిగింది చేశావు" అన్నాడు మా ఆయన. నాకు ఏడుపు వచ్చింది. ఆయన మీద అరిచాను.

వారం తిరిగినాక ఫోను మోగింది. ఆయనే.

"ఈ పక్క మేపు అయిపోయిందక్కా. గుట్ట ఆవలికి తోలుకపోయినా. ఆడ ఫోను పనిచెయ్యలా."

"పిల్ల నీ యెంబడి వస్తా ఉందా?"

"లేదక్కా."

"పాఠం లేకుండా మీ ఇంటామె ఎట్ల ఒప్పుకునింది?"

ఆయన గొంతు తగ్గించాడు. గుట్ట మీద గొర్రెలు తప్ప వినేవాళ్ళెవరో నాకు తెలియదు. "నేనే ఏదో ఒకటి కట్టి చెప్పినా. మేడం చెప్పిందనే చెప్పినా. ఇంట్లో తెలియనీయమాకండి."

"ఏం చెప్పినావప్పా?"

"లెక్కలే. మంద గుట్ట మీద ఉంది, వాన వచ్చింది, ఎంతసేపటికి ఇల్లు చేరతాది? అట్లాంటివి."

"దానికి జవాబెంత?"

"ఏ వాననో చెప్పకుండా జవాబెట్ల వస్తాదక్కా? పిల్ల గూడ అదే అడిగింది."

పగలబడి నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వు. ఆయన కూడా నవ్వాడు గానీ, కొంచెం భయంగా. ఇంట్లో చెప్పనని మాటిచ్చి, ఆ రోజు మూడు ముక్కలకు బదులు నాలుగు చెప్పాను. మోసుకుపోయాడు.

చలి తగ్గుముఖం పడుతుండగా బడులు తెరిచారు. ముళ్ళకంప ఎప్పుడో తీసేశారు. మాస్కులు కట్టుకుని, దూరం దూరంగా కూర్చున్న పిల్లలను చూస్తుంటే ముక్కూ మొహం తెలియక, ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టమైంది. గుట్ట కింది పిల్ల రాలేదు. ప్రార్థన అయిపోయింది, రాలేదు. హాజరు పిలిచాను, రాలేదు. నా కళ్ళు వాకిలి మీదనే ఉన్నాయి. మొదటి పాఠం సగంలో ఉండగా వచ్చింది, వెనక తల్లి. లంగా అంచు విప్పి పొడుగు చేస్తూ కూర్చుని ఆలస్యమైందట. ఏడాదిలో అంత ఎదిగింది పిల్ల.

"ఇప్పుడా రావడం నిద్రమొహమా" అన్నాను. సంతోషం పట్టలేకనే అన్నాను. ఆ పిల్ల కళ్ళు మాస్కు పైన నవ్వాయి.

"మీ నాయన నా పాఠాలన్నీ సరిగ్గా చెప్పినాడా?" అని అడిగాను.

"చెప్పినాడు మేడం. ఒక వారం మాత్రం మీవి కాదు."

వాకిట్లో తల్లి నిలబడే ఉంది. ఇంట్లో తెలియనీయనని మాటిచ్చాను కదా. "కాదని నీకెవరు చెప్పినారు?" అన్నాను, తడబడుతూ.

"ఎవురూ చెప్పలా మేడం. ఆ వారం పాఠాల్లో ఒక్క తిట్టు గూడ లేదు."

పిల్లలందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను. నవ్వాల్సిన మాటే, కానీ అది నాకు ఎక్కడో తగిలింది. వాకిలి దగ్గరికి పోయాను. ఆమె తల వంచుకుని పమిట కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నాకూ తెల్సు మేడం. పొయ్యికాడ నుంచి వింటానే ఉంటి."

"తెలిసి ఎట్ల ఊరుకున్నావమ్మా? పాఠం రాకుంటే పంపిస్తానని నువ్వే గదా అన్నావు."

"పొద్దంతా ఒక్కడే తిరిగి తిరిగి వచ్చి, కాళ్ళు గూడ కడుక్కోకుండా పిల్ల ముందర కూకోని చెప్తా ఉండె. అది పాఠం కాదని ఎట్ల అనేది మేడం?" అంది. తర్వాత గదిలోకి, పిల్లల వైపు చూస్తూ, "మా నాయన గూడ నాకోసం అట్ల ఒక్క అబద్ధం ఆడి ఉంటే" అని ఆగిపోయింది. సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది.

నేను కాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి మాస్కు అడ్డం రాలేదు, అదొక మేలు. లోపలికి వచ్చి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ముప్పావు లెక్క వేశాను. నేను వేయడం పూర్తికాకముందే గుట్ట కింది పిల్ల చెయ్యెత్తింది. చెప్పమన్నాను. తప్పు చెప్పింది.

"ఇంకోసారి చూడు తల్లీ" అన్నాను.

పిల్లలందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక వరసలో ఒకడు మెల్లిగా పక్కవాణ్ణి అడుగుతున్నాడు, మేడంకు ఒంట్లో బాగాలేదేమో అని.