గుర్రపుడెక్క మీద అడుగు

అక్షరాలు నేర్చుకున్నాక రాయాలనిపించిన మొదటి సంగతి ఇది. మాది కొల్లేటి లంక. డాక్టరు చదువుకుంటున్న లీనా అనే జర్మనీ అమ్మాయి, ఫెలోషిప్ మీద వచ్చి కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. నాకు ఆడపిల్లలు లేరు. ఆమె ఎక్కడికి వెళ్ళినా నేనే తోడు.

ఒకరోజు జ్వరంతో ఉన్న పసిబిడ్డని చూడడానికి మా మరిది పడవలో బయలుదేరాం. వాళ్ళ ఇల్లు దగ్గరపడేసరికి బిడ్డనెత్తుకుని తల్లి గుమ్మంలో నిలబడి కనిపించింది. అంతలో పడవ నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్కలో చిక్కుకుంది. చుట్టూ పచ్చగా చేనులా ఉంది. గట్టు వచ్చిందనుకుని లీనా దిగేసింది. ఆకులు విడిపోయి మళ్ళీ మూసుకున్నాయి. మనిషి కనబడలేదు.

నీళ్ళలో చేతులు పెట్టి వెతికితే జడ తగిలింది. అది పట్టుకునే లాగాను. మా మరిది రెక్క అందుకున్నాడు.

"అమ్మా, అది నేల కాదా?" అంది లీనా దగ్గుతూ, వచ్చీరాని తెలుగులో.

"కాదమ్మా. మీ దేశంలో పచ్చగా కనబడ్డ చోటల్లా దిగేస్తారా?" అన్నాడు మా మరిది. ముగ్గురం నవ్వాం, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

లీనా తడిబట్టలతోనే వెళ్ళి బిడ్డని చూసి, వెంటనే ఏలూరు ఆసుపత్రికి పంపించింది. బిడ్డ బతికింది.

గడువు అయిపోయి లీనా వెళ్ళిపోయింది. ఇప్పటికీ పడవెక్కితే నా పక్కన చోటు వదిలి కూర్చుంటాను.

"ఎవరి కోసం వదినా?" అంటాడు మా మరిది.

ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే తొలి కాన్పుకైనా పుట్టింటికి వస్తుంది. లీనాని ఏమని రమ్మనను?