మధ్య అంతస్తు

వీధిలో ఆమెను అందరూ కత్తెర అనే పిలుస్తారు. బట్టలు కుట్టే మనిషికి తగిన పేరే, కానీ అది వచ్చింది చేతిపని వల్ల కాదు, నోటి వల్ల. జాకెట్టు బిగుతైందని ఎవరైనా వస్తే, "నేను కుట్టినప్పుడు సరిపోయింది. ఆ తర్వాత తిన్నది నేను కాదుగా!" అని మొహం మీదే అనేస్తుంది. అలాంటి మనిషి ఆ రోజు వృద్ధాశ్రమం నర్సు ముందు నోరెండిపోయి కూర్చుంది.

పక్కన పెద్దమ్మ. తల్లి పోతే కత్తెరను పెంచి పెద్దచేసింది ఈవిడే. ఈ మధ్య మతిమరుపు ముదిరింది. ఆశ్రమానికి మూడు అంతస్తులు. కింద ఉండేవాళ్లకు సొంత గది, సొంత వంటగట్టు, తాళంచెవి వాళ్ల చేతిలోనే. మధ్యలో గది ఉంటుంది కానీ పొయ్యి ఉండదు, ఆయాలు చూసుకుంటారు. పైన మాత్రం తమ మంచిచెడ్డలు తమకే తెలియనివాళ్లు, బయటినుంచి తాళం. ఎవరు ఎక్కడుండాలో తేల్చేది నర్సే. 'నీ గది, నీ పొయ్యి, నీ ఇష్టం' అని మాటిచ్చి మరీ పెద్దమ్మను తీసుకొచ్చింది కత్తెర. ఎక్కడ పైకి పంపేస్తారోనని ఆమె భయం.

అందుకని ఏం చేసిందనుకున్నారు? టైలరు బుర్ర కదా! పెద్దమ్మ వేళ్లకు గుండీలు లొంగవు. కొత్త గౌను కుట్టి, గుండీలు పైకి ఊరికే అలంకారానికి పెట్టి, లోపల నొక్కితే అంటుకునే పట్టీ వేసి, అదే తొడిగి తీసుకొచ్చింది.

"అన్నీ తనే చేసుకుంటుందండీ," అంది నర్సుతో.

"అలాగా? పెద్దమ్మగారూ, పై గుండీ ఒకసారి తీసి, మళ్లీ పెట్టండి."

పెద్దమ్మ లాగింది. పట్టీ చర్రుమంది. నర్సు వంగి చూసింది, నవ్వలేదు. కత్తెరకు తల కొట్టేసినట్టయింది.

"కుట్టు బాగుంది," అంది నర్సు. "ఇప్పుడు ఆవిడ్ని టీ పెట్టనివ్వండి. మీరు మాత్రం కదలొద్దు. మాట సాయం కూడా వద్దు."

గది మూలన చిన్న వంటగట్టు ఉంది. పెద్దమ్మ గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టింది. హమ్మయ్య అనుకుంది కత్తెర. ఆవిడ మీట తిప్పింది. బుస్సుమని గ్యాసు వచ్చింది. లైటరు పక్కనే ఉన్నా దాన్ని ముట్టుకోలేదు. తల తిప్పి కత్తెర వైపే చూస్తూ నిలబడింది. వాసన ముక్కుకు తగులుతోంది. లేస్తే ఇన్నాళ్ల గుట్టూ రట్టవుతుంది. లేవకపోతే కొంపలంటుకుంటాయి.

"ఏమే, రావేం?" అంది పెద్దమ్మ. "రోజూ నువ్వేగా వెలిగిస్తావు."

కత్తెర ఒక్క ఉదుటున వెళ్లి మీట కట్టేసింది. నర్సు అప్పటికే లేచి కిటికీలు తెరుస్తోంది.

"మరి ఈవిడ షాపుకు వెళ్లినప్పుడు ఎవరు వెలిగిస్తారు పెద్దమ్మగారూ?" అని అడిగింది.

"ఎవరూ వెలిగించరు. మీట తిప్పాక ఏం చెయ్యాలో గుర్తురాదమ్మా. నాకు భయం."

"అదేంటి పెద్దమ్మా!" కత్తెర గొంతు కీచుమంది. "మధ్యాహ్నం వేడిచేసుకునే తింటున్నానన్నావుగా?"

"చల్లగానే తింటున్నా. చలికాలం గొంతు దిగదు, నీళ్లు తాగి మింగేస్తా."

"నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే షాపు మూసుకుని ఇంట్లో కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

కత్తెరకు ఏడుపు ముంచుకొచ్చింది. దాస్తున్నది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. ఇక దాచలేదు. గుండీలు, స్నానం, మందులు, తను చేసిపెట్టేవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"పైకి మాత్రం పంపకండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

"పైకెందుకు? తన భయమేంటో తనే చెప్తోందిగా. మధ్య అంతస్తు సరిపోతుంది," అంది నర్సు. "కాకపోతే పొయ్యి ఉండదు."

"బతికించావు తల్లీ," అంది పెద్దమ్మ.

కత్తెర పమిటతో ముక్కు తుడుచుకుంది. గది ఎంతుంటుందని అడగలేదు, ఎప్పుడు వచ్చి చూడొచ్చని అడగలేదు.

"మధ్యాహ్నం అన్నం వేడిగా పెడతారా?" అంది.